మన్యపు ఇంటి తుపాకీ గొట్టం: తుప్పు కింద మిగిలిన చరిత్ర

మన్యం ఫితూరీల గురించి మాట్లాడేటప్పుడు మనం ఎక్కువగా చెప్పుకునేది మనుషుల గురించి, తేదీల గురించి. వస్తువుల గురించి చెప్పుకునేది తక్కువ. విల్లంబులు పండుగకు బయటికి వస్తాయి. డప్పు, కొమ్ముబూర పెళ్ళిలోనూ జాతరలోనూ కనబడతాయి. తుపాకీ మాత్రం బయటికి రాదు. ఇంట్లో ఉందని చెప్పడానికే భయం. ఆ భయంతో ఎన్ని గొట్టాలు నూతుల్లో పడ్డాయో, ఎన్ని కొలిమిలో కరిగి గునపాలయ్యాయో లెక్క కట్టేవారు లేరు. పోయిన ప్రతి గొట్టంతోనూ ఒక ఇంటి చరిత్రకు ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం పోయింది. మన పెద్దలకు దస్తావేజులు తక్కువ. ఉన్నవన్నీ ఎదుటివారు రాసినవే. అందుకే ఈ ప్రత్యేక సంచికలో మా సంఘం సభ్యులం కలిసి కాపాడగలిగిన ఒక తుపాకీ గొట్టం గురించి, అది చెప్పిన సంగతుల గురించి రాస్తున్నాం.

గొట్టం దొరికిన ఇల్లు అడ్డతీగల వైపు మన్యంలో ఒకప్పటి ముఠాదారు కుటుంబానిది. ఊరి పేరు, ఇంటిపేరు వారి కోరిక మీద రాయడం లేదు. మూతి నుంచి మందు కూరే పాత రకం తుపాకీ అది. కర్ర భాగం చెదలు తినేసి చాలా ఏళ్ళయింది. మిగిలింది ఇనుప గొట్టం మాత్రమే. పొడవు 41 అంగుళాలు. వెనక భాగం ఎనిమిది పలకలుగా ఉండి, ముందుకు పోయేకొద్దీ గుండ్రంగా మారుతుంది. చాలా కాలం పొయ్యి మీది అటకలో ఉందట. ఆ పొగమసి పట్టిన ఒక పక్క ఇప్పటికీ నల్లగా, గట్టిగా ఉంది. తరువాత ఊళ్ళో సోదాలు జరుగుతాయని వినిపించిన రోజుల్లో గోనెలో చుట్టి పశువుల పాక వెనక పాతిపెట్టారు. ఎన్ని వానాకాలాలు భూమిలో ఉందో ఇంట్లోవాళ్ళకే సరిగా గుర్తు లేదు. తీసేసరికి గోనె పీచు తుప్పులో కలిసిపోయి, గొట్టం చెట్టు బెరడులా పొరలు పొరలుగా ఉబ్బి ఉంది.

ఇంట్లో తరతరాలుగా చెప్పుకునే మాట ఒకటే: ఇది 1922లో రామరాజు దళం పోలీసు స్టేషన్ నుంచి తెచ్చిన తుపాకీ అని. ఆ ఇంటి అవ్వ గొట్టాన్ని మా చేతిలో పెడుతూ, "బాబూ, మళ్ళీ తళతళలాడేలా చేసి తీసుకురండి" అంది. ఆ కోరికలో తప్పులేదు. ఇత్తడి చెంబును చింతపండుతో తోమినట్టు దీన్నీ తోమితే సరిపోతుందని ఎవరికైనా అనిపిస్తుంది. ఇనుము విషయంలో అది పనికిరాదని చెప్పి అవ్వను ఒప్పించడానికే మాకు ఒక పూట పట్టింది.

ముందు కాగితం పని

ఇలాంటి వస్తువు దొరికినవారు ముందు భయపడేది చట్టానికే కాబట్టి ఆ సంగతి మొదట చెబుతాం. 1959 ఆయుధాల చట్టంలో 45వ సెక్షన్ ఉంది. వాడుకలో లేని పాత నమూనా ఆయుధం గానీ, పురావస్తు విలువ ఉన్నది గానీ, పాడైపోయినది గానీ అయి ఉండి, మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకీగా పనికిరాకపోతే దానికి ఆ చట్టం వర్తించదు. ఇందులో బరువంతా 'మరమ్మతు చేసినా' అన్న మాట మీద ఉంది. పనికొస్తుందా రాదా అన్నది మనం తేల్చుకునే విషయం కాదు. అందుకే ఇంటివారితో కలిసి వెళ్ళి స్టేషన్‌లో రాతపూర్వకంగా తెలియజేశాం. వారు పంపిన ఆయుధాల మెకానిక్ గొట్టాన్ని చూసి, పేలడానికి పనికిరాదని రాసి ఇచ్చాక గానీ మేము చేయి పెట్టలేదు. నూరేళ్ళు దాటిన వస్తువులకు 1972 పురావస్తువుల చట్టం కూడా ఉంది. అమ్మకానికి, దేశం దాటించడానికి దాని ఆంక్షలు వేరు. పాత గొట్టం కొంటామని పట్నం నుంచి వచ్చేవారు ఈ రెండో సంగతి ఎప్పుడూ చెప్పరు.

మెకానిక్ వచ్చిన రోజునే ఇంకో పని జరిగింది. పాత తుపాకీ దొరికినవారంతా తెలుసుకోవలసిన పని కాబట్టి కాస్త వివరంగా రాస్తాం. మూతి నుంచి మందు కూరే తుపాకీ లోపల ఏముందో బయటికి కనబడదు. చూసేవారికి ఖాళీగానే ఉంటుంది. మన పెద్దలు తుపాకీని మందు కూరి దూలానికి వేలాడదీసేవారు, రాత్రి పంది చేలో పడితే అప్పటికప్పుడు కూరుతూ కూర్చోలేరు కదా. ఆ మందు ఏళ్ళు గడిచినా చావదు. నల్ల మందు, అంటే సురేకారం, గంధకం, బొగ్గు కలిపిన మందు, తడి తగలకుండా ఉంటే తరాలు దాటాక కూడా అంటుకుంటుంది. తుప్పు వదలడానికని అలాంటి గొట్టాన్ని మంట మీద పెట్టినా, వెల్డింగ్ షాపుకు తీసుకెళ్ళినా ప్రాణం మీదికి వస్తుంది.

లోపల మందు ఉందో లేదో తెలుసుకునే పద్ధతి తేలికే. సన్నటి వెదురు పుల్లను మూతి నుంచి అడుగు దాకా దించి, మూతి దగ్గర గుర్తు పెట్టాలి. తీసి అదే పుల్లను గొట్టం పక్కన బయట ఆనించి చూడాలి. పుల్ల చివర రంజకపు బెజ్జం దాకా వస్తే లోపల ఖాళీ. రాకపోతే మధ్యలో ఏదో ఉన్నట్టు. మూతిలో ఉన్న కుమ్మరిపురుగు మట్టిగూడు రాల్చాక మేము దించిన పుల్ల దాదాపు మూడు అంగుళాలు తక్కువ వచ్చింది.

మెకానిక్ గొట్టాన్ని నిలబెట్టి నీళ్ళతో నింపించాడు. సురేకారం నీటిలో కరిగిపోతుంది, అది పోతే మందు మందు కాదు. నీళ్ళు మారుస్తూ నాలుగు రోజులు ఉంచాం. మొదటి రోజు నీళ్ళు సిరాలా నల్లగా వచ్చాయి. తరువాత రాగి తీగతో చేసిన కొక్కెంతో లోపలి పదార్థాన్ని అతనే కొంచెం కొంచెంగా లాగాడు. నార ఉండ, దాని కింద తెల్లగా బూజుపట్టినట్టున్న సీసపు గుళ్ళు తొమ్మిది, మళ్ళీ నార ఉండ, నల్లటి బురద. సీసపు గుళ్ళు శనగగింజంత ఉన్నాయి. ఒక్క పెద్ద గుండు కాదు, తొమ్మిది గుళ్ళు. పందికో కణితికో కూరిన మందు అది. ఈ తుపాకీలో చివరిసారి గజంతో మందు దట్టించిన చేయి ఎవరిదో గానీ, ఆ చేయి యుద్ధానికి కాదు, వేటకో చేను కాపలాకో సిద్ధమైంది. నార ఉండలను, గుళ్ళను ఆరబెట్టి విడిగా గాజు సీసాలో ఉంచాం.

తుప్పును ఎంతవరకు తీయాలి

తుప్పంటే పైన పట్టిన మురికి కాదు. ఇనుమే మారిపోయి తుప్పవుతుంది. పైగా అది తాను తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. కాబట్టి ఉబ్బి లావుగా కనబడే గొట్టం లోపల నిజానికి సన్నబడి ఉంటుంది. నాటు తుపాకీలకు ఇంకో శత్రువు వాటి మందే. నల్ల మందు కాలినప్పుడు అంతా పొగ కాదు, బరువులో సగానికి పైగా మసిగా, ఉప్పులాంటి పదార్థాలుగా గొట్టంలోనే మిగులుతుంది. ఆ మసి గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. మన్యం వానాకాలంలో ఒక్క రాత్రి కడగకుండా వదిలేస్తే తెల్లారేసరికి లోపల ఎర్రబడుతుంది. వేట నుంచి రాగానే మరిగే నీళ్ళు పోసి కడిగి, గజానికి గుడ్డ చుట్టి తుడిచి, ఇప్పనూనె పట్టించేవారని ఆ ఇంటి పెద్దాయన ఒకరు చెప్పారు. లోహం చదువుకున్నవారు చెప్పేదీ అదే: మసి కరగడానికి నీళ్ళు, త్వరగా ఆరడానికి వేడి, తరువాత నూనె.

తుప్పు తీసే దారులు చాలా ఉన్నాయి. చాలావాటికి మేము వ్యతిరేకం. గరుకు కాగితంతో రుద్దితే తుప్పుతో పాటు చరిత్ర కూడా పోతుంది. మరుగుదొడ్లు కడిగే యాసిడ్ పోస్తే గంటలో తుప్పు వదులుతుంది, కానీ ఇనుమునూ తింటుంది, సందుల్లో ఉప్పు మిగిల్చి ఆరు నెలల్లో రెట్టింపు తుప్పు తెస్తుంది. చింతపండు, నిమ్మరసం మెల్లగా చేసేదీ అలాంటి పనే. లేత్ మీద పెట్టి పైపొర తీయించి, నల్ల రంగు వేయించి 'రిపేరు' చేయించిన గొట్టాలను మేము చూశాం. అవి ఇప్పుడు పైపుల్లా ఉన్నాయి. వాటిని చూసి ఎవరూ ఏమీ తెలుసుకోలేరు.

మేము ముందు నాలుగు వైపులా ఫోటోలు తీశాం, అంగుళం అంగుళానికి చుట్టుకొలత రాసుకున్నాం. గొట్టం బయటి వైపు కిరోసిన్ పూసి ఉంచి, మెత్తబడిన తుప్పును వెదురు బద్దతో, ఇత్తడి బ్రష్‌తో తీశాం. వెదురు, ఇత్తడి ఇనుము కన్నా మెత్తన, కాబట్టి అసలు లోహం మీద గీత పడదు. రోజుకు జానెడు మేర జరిగితే గొప్ప. వదులుగా ఉన్న ఎర్ర తుప్పు పోయాక కింద నల్లటి గట్టి పొర వచ్చింది. అక్కడ ఆగిపోయాం. ఆ నల్ల పొర కూడా ఒక రకం తుప్పే, అయితే అది లోహాన్ని అంటిపెట్టుకుని కొంత కాపాడుతుంది. దాన్ని కూడా గీకేసి తెల్లటి ఇనుము చూడాలనుకోవడం మన కంటికి ఉన్న ఆశ. గొట్టానికి అది అక్కర్లేదు.

లోపలి పని కష్టం. బ్రష్ అడుగు దాకా పోయినా గుంటల్లో తుప్పు వదలదు. అందుకు కరెంటు పద్ధతి పట్టాం. రంజకపు బెజ్జాన్ని మైనంతో మూసి, గొట్టంలో బట్టల సోడా కలిపిన నీళ్ళు నింపి, మధ్యలో గొట్టానికి ఎక్కడా తగలకుండా మామూలు ఇనుప చువ్వ వేలాడదీశాం. గొట్టానికి బ్యాటరీ ఛార్జర్ రుణ తీగ, చువ్వకు ధన తీగ. తీగలు తారుమారైతే తుప్పు బదులు గొట్టమే కరిగిపోతుంది, కాబట్టి ఇద్దరు చూశాకే స్విచ్ వేశాం. స్టీలు చువ్వ వాడకూడదు, దానిలోని క్రోమియం నీళ్ళను విషం చేస్తుంది. ఆ పని జరుగుతున్నంతసేపూ మంటనంటుకునే గ్యాస్ బుడగలుగా వస్తుంది కాబట్టి చావడి బయట, బీడీలు దూరంగా. తక్కువ కరెంటు, ఎక్కువ సమయం. ప్రతి పూటా చువ్వకు బురద పట్టేది, తీసి కడిగి మళ్ళీ దించేవాళ్ళం.

వెనక భాగాన్ని మూసే అడుగు మరను విప్పమని కొందరు మిత్రులు సలహా ఇచ్చారు. విప్పలేదు. ఈ గొట్టాన్ని ఎవరూ మళ్ళీ పేల్చబోవడం లేదు, పేల్చకూడదు కూడా. గుంటలు పడి సన్నబడిన గొట్టం మందు అదురుకు చీలిపోతుంది. పేల్చనప్పుడు మర విప్పి చూడవలసిన అవసరమేముంది? ఎవరో కమ్మరి వందేళ్ళ క్రితం బిగించిన మర అలాగే ఉండనిద్దాం అనుకున్నాం.

తరువాత మరిగించి చల్లార్చిన నీళ్ళతో పలుమార్లు కడిగి, ఎండలో ఆరబెట్టి, టానిక్ ఆమ్లం పూశాం. మ్యూజియంలలో పాత ఇనుముకు వాడే పద్ధతుల్లో ఇదొకటి. మిగిలిన ఎర్ర తుప్పుతో అది కలిసి నీలి నలుపు పొరగా మారుతుంది. ఈ మాట వినగానే మాలో ఒక పెద్దాయన నవ్వారు, ఇది కరక్కాయ పనే కదా అని. నిజమే. కరక్కాయలో ఉన్న వగరు అదే జాతి పదార్థం. కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి సిరా చేసిన దేశం మనది. ఆ సిరా నలుపూ ఈ గొట్టం మీది నలుపూ ఒకటే రకం. మన్యంలో ఏరి సంతకు, గిరిజన సహకార సంస్థకు అమ్మే కాయతో ఇంత పని ఉందని మన పిల్లలకు చెప్పాలి. అయితే కాయ కషాయంలో వగరు పాళ్ళు ఎంతో, దానితో పాటు ఇంకేమేమి ఉంటాయో తూచలేం. కాబట్టి కషాయాన్ని ఒక పాత కొడవలి మీద వేసి చూసి, గొట్టానికి మాత్రం దుకాణంలో కొన్న పొడినే కొలిచి కలిపి వాడాం. కొడవలి కూడా చక్కగా నల్లబడింది. చివరగా గొట్టాన్ని చేతికి గోరువెచ్చగా తగిలేంతసేపు ఎండలో పెట్టి మైనం పట్టించాం.

గొట్టం చెప్పినవి

తుప్పు తీస్తున్నప్పుడు మూడు సంగతులు బయటపడ్డాయి.

ఒకటి, గొట్టం పొడవునా ఏటవాలుగా పోయే సన్నటి గీతలు. అవి చెక్కినవి కావు. ఇనుప పట్టీని కడ్డీ చుట్టూ తీగలా చుట్టి, కాల్చి, సమ్మెటతో అతికించి చేసిన గొట్టం ఇది. పాతకాలపు ఇనుములో కిట్టం పోగులు పోగులుగా ఉంటుంది. తుప్పు ఆ పోగుల వెంట లోతుగా తింటుంది. అంటే గొట్టం ఎలా పుట్టిందో తుప్పే గీసి చూపించింది. గరుకు కాగితం ఈ గీతలను ఒక్క పూటలో చెరిపేసేది.

రెండోది, ఈస్టిండియా కంపెనీ తుపాకుల మీద ఉండే హృదయాకారపు ముద్ర గానీ, సింహం గానీ, ఇంగ్లండు కిరీటం గానీ దీని మీద ఎక్కడా లేవు. లోపల గొట్టం నున్నగా ఉంది. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్‌లో ఉండే మెలి గాళ్ళు లేవు. ఆ ఎన్‌ఫీల్డ్ గొట్టం 39 అంగుళాలు, ఇది 41. ఇది సర్కారు సరుకు కాదు, మన దేశపు కమ్మరి చేతి పని. తెలుగు నేల మీద ఆ పనితనం ఉండేదని వేరే చెప్పక్కర్లేదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు పర్షియా దాకా వెళ్ళింది. నిర్మల్‌లో ఫిరంగులు పోతపోశారు. హైదరాబాద్‌లో ఫ్రెంచి సేనాని రేమండ్ నిజాం కోసం 1795లో పెట్టిన ఫిరంగుల కార్ఖానా పేరే ఇప్పటి గన్‌ఫౌండ్రీకి ఉంది. ఈ గొట్టం వాటిలో దేని నుంచీ వచ్చిందని మేము అనడం లేదు.

మూడోది మాకు అన్నిటికన్నా విలువైనది. రంజకపు బెజ్జం దగ్గర తుప్పు వదిలాక చిన్న ఇనుప దిమ్మ మరతో బిగించి కనబడింది. దాని మీద టోపీ పెట్టే ముక్కు ఉంది, అంటే ఇది టోపీ తుపాకీ. కానీ ఆ దిమ్మ చుట్టూ, గొట్టం పలక మీద, పాత రంజకపు గిన్నె అతికిన చోటు మచ్చగా మిగిలింది. మొదట ఇది జామగి తుపాకీ. గిన్నెలో రంజకం పోసి, నిప్పు రాజుకున్న జామగి తాడు తగిలించి పేల్చేవారు. వానలో అది పని చేయదు, చీకట్లో నిప్పు కనబడి జంతువు పారిపోతుంది. తరువాత ఎప్పుడో ఎవరో బెజ్జాన్ని పెద్దది చేసి, మర కోసి, టోపీ తుపాకీగా మార్చారు. ఆకురాయి గీతలు వంకరగా ఉన్నాయి, మంచి పనిముట్లు లేని చేయి అది. సంతలో టోపీలు దొరకడం మొదలయ్యాక మన కొండ కింద కమ్మరి ఒకరు చేసిన పని అయి ఉండవచ్చు. ఒక్క తుపాకీ రెండు కాలాలు బతికింది.

ఇక ఇంట్లోవాళ్ళ మాట. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం పడి 26 తుపాకులు, రెండున్నర వేల పైచిలుకు తూటాలు తీసుకుపోయింది. ఇది అందరూ ఒప్పుకున్న లెక్క. ఆ లెక్కలోనే జవాబు ఉంది. తూటాలు పెట్టేది వెనక నుంచి తెరుచుకునే తుపాకులకు. అప్పటికి పోలీసుల చేతిలో ఉన్నవి అవే. మూతి నుంచి మందు కూరే ఈ గొట్టం ఆ 26లో ఒకటి కావడానికి వీల్లేదు. ఇది చెప్పినప్పుడు ఇంట్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒక మనవడు మాత్రం, "అయితే ఇది ఉత్త వేట తుపాకీయేనా?" అని అడిగాడు.

ఉత్త వేట తుపాకీ కాదు అనడానికే ఈ వ్యాసం రాస్తున్నాం. ఇది 1922 కన్నా పాతది, కనీసం ఒక తరం పాతది. 1878లో లిట్టన్ దొర ప్రభుత్వం ఆయుధాల చట్టం తెచ్చింది. లైసెన్సు లేకుండా తుపాకీ ఉండకూడదు, మందూ సీసమూ కూడా అదుపులోకి వచ్చాయి. తెల్లవారికి మాత్రం మినహాయింపు. మరుసటి ఏడు 1879 మార్చిలో రంప ఫితూరీ లేచింది. దానికి మూలం తుపాకీ చట్టం కాదు. కల్లు మీద పన్ను, మన్సబుదారు దోపిడీ, పోలీసుల జులుం, అప్పులిచ్చే వర్తకుల కోర్టు కాగితాలు. కారం తమ్మన్న దొర, ద్వారబంధాల చంద్రయ్య వంటివారి వెనక కొండలు లేచాయి. అణచడానికి మద్రాసు ప్రభుత్వం ఆరు రెజిమెంట్ల పదాతి దళాన్ని, గుర్రపు దళాన్ని, నిజాం వైపు నుంచి మరో దళాన్ని దించవలసి వచ్చింది. ఎదురుగా నిలబడినవారి చేతుల్లో విల్లంబులతో పాటు ఉన్నది ఇలాంటి గొట్టాలే. ఈ గొట్టం అక్కడ ఉందని రుజువు లేదు. ఇలాంటివాటితోనే ఆ పోరు జరిగింది. అది గుర్తుంటే, నలభై ఏళ్ళ తరువాత రామరాజు తొలి మూడు రోజులూ స్టేషన్ల మీదనే ఎందుకు పడ్డాడో అర్థమవుతుంది. మన్యంలో తుపాకులు లేక కాదు. ఉన్నవి ఒకసారి పేల్చాక నిలబడి మళ్ళీ మందు కూరవలసినవి.

పక్క రాష్ట్రంలో కొడగు వారి సంగతి చూడండి. 1861లో కమిషనర్ మార్క్ కబ్బన్ వారిని ఆయుధాల ఆంక్షల నుంచి మినహాయించాడు. ఆ మినహాయింపు రూపాలు మారుతూ నేటికీ సాగుతోంది. ప్రతి ఏటా కైల్‌పోళ్ద్ పండుగలో వారు తుపాకులను పూలతో అలంకరించి బాహాటంగా పూజిస్తారు. అదే ప్రభుత్వం, అదే రకం తుపాకీ. కంపెనీకి, రాణికి విధేయులుగా లెక్కకు వచ్చినవారి తుపాకీ గోడ మీద నిలిచింది, తిరగబడినవారి తుపాకీ పశువుల పాక వెనక గుంటలోకి పోయింది. ముఠాదారీలు 1969 రెగ్యులేషన్‌తో రద్దయ్యాక ఆ ఇళ్ళలో కాగితాలు కూడా చెదలపాలయ్యాయి. మిగిలిన కొద్ది వస్తువుల్లో ఇదొకటి.

గొట్టం ఇప్పుడు ఆ ఇంట్లోనే ఉంది. వేప చెక్కతో చేసిన రెండు కాళ్ళ మీద, నేలకూ గోడకూ తగలకుండా, పొయ్యికి దూరంగా. వానాకాలానికి ముందు, తరువాత ఏటా రెండుసార్లు తుడిచి మైనం పట్టించడం మనవడి పని. పక్కన అట్ట మీద రెండు వరుసలు రాయించాం. పై వరుసలో కొలతలు, జామగి నుంచి టోపీకి మారిన సంగతి, తొమ్మిది సీసపు గుళ్ళ సంగతి. కింది వరుసలో "రామరాజు కాలం నాటిదని మా తాతలు చెప్పేవారు" అని. ఆ రెండో వరుస తీసేయమని ఎవరూ అడగలేదు, మేమూ అనలేదు. రామరాజు కాలంలో ఇది ఆ ఇంట్లో ఉండే ఉంటుంది.

ఒక్క విషయంలో మాత్రం అవ్వతో బేరం కుదరడానికి సమయం పట్టింది. దసరాకు ఆయుధానికి పసుపు కుంకుమ పెట్టవద్దంటే ఎలా అని ఆమె ప్రశ్న. తడి పసుపు ఇనుము మీద ఆరితే ఆ చుక్క కిందే మళ్ళీ తుప్పు మొదలవుతుంది. చివరికి బొట్టు వేప చెక్క కాళ్ళకు పెట్టడానికి ఒప్పుకుంది. పువ్వులు గొట్టం మీద కాకుండా ముందు పళ్ళెంలో. మొన్నటి దసరాకు అలాగే జరిగింది. కానీ మూతి దగ్గర ఒక చిన్న కుంకుమ చుక్క, పొడిది, ఎవరు పెట్టారో చెప్పలేదు. గుడ్డతో తుడిచి మైనం రాశాం.